గద్దలకోనలో జర్మన్ పాఠం

జర్మనీలో జనం ఆదివారం పూట కొండల మధ్య నడుస్తారట. మేకలు తప్పిపోయి కాదు, కట్టెల కోసం కాదు, మొక్కుబడి ఉండీ కాదు. ఊరికే. పొద్దున బయలుదేరి, ఇసుకరాయి కొండల చీలికల్లోంచి నడిచి, ఇనుప నిచ్చెనలు ఎక్కి దిగి, సాయంత్రానికి బయలుదేరిన చోటికే వచ్చి చేరతారు. బయలుదేరిన చోటికే చేరడానికి అంత దూరం ఎందుకు నడవాలో ఆ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరం ఉందని కూడా వాళ్ళకు తోచినట్టు లేదు.

ఆ పుస్తకం పోయిన ఎండాకాలం మొదట్లో మా ఇంటికి వచ్చింది. తెచ్చింది నా భార్య ఉషారాణి. ఆమె మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. భాష నేర్చుకుని పరీక్ష పాసైతే జర్మనీలో నర్సు ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరో చెబితే, డ్యూటీ దిగాక కోచింగ్‌కు పోవడం మొదలుపెట్టింది.

నేను బి.ఇడి. కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. నా క్లాసు పిల్లలు పరీక్షకు ముందు వారం వస్తారు. మిగతా రోజుల్లో, మనుషులు తమను తాము ఎట్లా మోసం చేసుకుంటారో ఖాళీ బెంచీలకు వివరిస్తూ ఉంటాను. ఆ ఉద్యోగం నుంచి నాకొక అలవాటు అంటింది. ఎవరు ఏం చేసినా దాని వెనక ఉన్నది పసిగట్టి, మనసులో దానికొక పేరు పెట్టి, పక్కకు తోసేస్తాను. పేరు పెట్టిన తర్వాత ఆ మనిషిని ఇంక పట్టించుకోనక్కర్లేదు. ఉష కోచింగ్‌కు నేను పెట్టిన పేరు, నలభై దగ్గర పడుతున్నాయన్న భయం. పేరు పెట్టి నిశ్చింతగా ఉన్నాను.

మాట్లాడే పరీక్షలో ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒక చీటీ ఇస్తారట. 'మీరిద్దరూ ఇసుకరాయి లోయల్లో ఒకరోజు నడకకు పోవాలి. మాట్లాడుకుని ఏర్పాట్లు చేసుకోండి' అని ఉంటుందట అందులో. ఒకరు ఒకటి అనాలి, రెండోవాళ్ళ అభిప్రాయం అడగాలి, నచ్చకపోతే మర్యాదగా కాదనాలి, చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి రావాలి.

"హరితకు ఈ వారమంతా సాయంత్రం డ్యూటీ. నాకు జత లేదు. మీరు కూర్చోండి," అంది ఉష. హరిత ఆమెతో పాటు కోచింగ్‌కు పోయే చిన్న నర్సు. "ముందు తెలుగులో అనుకుందాం. జర్మన్‌లో నేను తర్వాత చెప్పుకుంటాను."

కూర్చున్నాను. ఆమె గొంతు సవరించుకుంది.

"ఈ ఆదివారం లోయల్లో నడకకు పోదాం అనుకుంటాండాను. మీరేమంటారు?"

"నేను రాను."

"అట్ల కాదు. కారణం చెప్పాల. దానికి బదులు ఇంకోటి చెప్పాల."

"కారణం, ఇష్టం లేదు. బదులు, ఇంట్లో పడుకుంటాను."

"మార్కులు పోతాయి."

"నావి కాదు గదా పోయేది."

ఆమె కోపం తెచ్చుకోలేదు. పుస్తకంలో ఏదో గీత గీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "మీకు కాళ్ళనొప్పులుంటే చిన్న దారిన పోదాం. మధ్యలో ఏటి పక్కన కూర్చుందాం. అన్నం నేను తెస్తాను, నీళ్ళు మీరు తెస్తారా? వాన పడితే వేరే దావ పట్టాల. తడిసిన ఇసుకరాయి మీద ఎక్కకూడదంట, ఇరుగుతాదంట. మీరేమంటారు?"

మా ఇంట్లో ప్రయాణాలను ఎవరూ ఏర్పాటు చెయ్యరు, అవి జరుగుతాయి. ఎక్కడికి పోవాలో మా అమ్మ రెడ్డెమ్మ చెబుతుంది, నేను టిక్కెట్టు తీస్తాను, ఉష సంచులు సర్దుతుంది. పెళ్ళైన పదకొండేళ్ళలో 'మీరేమంటారు' అని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు చిమచిమలాడేది. ఒక పరాయి దేశం చీటీ నా ఇంట్లో నా భార్య చేత నన్ను మర్యాదగా పలకరింపజేస్తున్నది. ఆ సంగతి తెలిసే, నేను ప్రతి రోజూ కాదంటూ వచ్చాను. కాదనడంలో నాకు చాలా నేర్పు ఉంది. అయినా ఆమె ప్రతి సాయంత్రమూ వచ్చి ఎదురుగా కూర్చునేది.

కోచింగ్ ఒక టైర్ల అంగడి పైన. ఒకరోజు ఆమెను పిలుచుకు రావడానికి పోయి, మెట్ల దగ్గర నిలబడి పాఠం విన్నాను. చెప్పేవాడు కిరణ్ సార్. జర్మనీలో పన్నెండు రోజులు ఉండి వచ్చినవాడు. ఆ పన్నెండు రోజుల మీదే బతుకుతున్నాడు. గోడ మీద పెద్ద ఫోటో పెట్టాడు. రెండు నిట్టనిలువు రాతిగోడలు, వాటి మీద పాకురు, మధ్యలో మనిషి పట్టేంత సందు, సందులో రెండు అల్యూమినియం కర్రలు పట్టుకుని, యుద్ధం గెలిచినవాడిలా కిరణ్ సార్.

"మీరు లోయ గురించి మాట్లాడతాంటే రేషన్ షాపు క్యూ గురించి మాట్లాడినట్ల ఉండాది," అంటున్నాడు. "యాల? ఫీలింగ్ లేదు. ఫీలింగ్ యాల లేదు? మీరెవురూ ఊరికే నడవలేదు."

"మా అవ్వ దినామూ నడుస్తాది సార్, మేకల ఎనకాల," అంది హరిత.

"మేకలు లేకుండా నడవాలమ్మా!"

"మేకలు లేకుంటే యాల నడుస్తాది సార్?"

అందరూ నవ్వారు. కిరణ్ సార్ నవ్వలేదు. వచ్చే ఆదివారం బ్యాచ్ మొత్తాన్నీ కుప్పం అవతల గద్దలకోనకు తీసుకుపోతానని, అక్కడ నడుస్తూ జర్మన్‌లోనే మాట్లాడాలని ప్రకటించాడు. తర్వాత గొంతు మార్చి చెప్పాడు. "ఇంకో మాట. పరీక్ష ఒకటే కాదు. పోలీసు సర్టిఫికెట్ కావాల. స్టేషన్లో మీ పేరు మింద చిన్న పిటిషన్ ఉన్నా ఆ ఫైలు ఆడికి ఆగిపోతాది. కాబట్టి ఈ మూడు నెలలూ ఎవురితోనూ గొడవలు పెట్టుకోకండి. మొగుళ్ళతో కూడా."

మళ్ళీ నవ్వులు. ఉష కూడా నవ్వింది. మెట్ల దగ్గర నన్ను చూసి ఆపింది.

నన్ను కూడా రమ్మని ఆమె పిలవలేదు. ఆడవాళ్ళు అడవిలోకి పోతున్నారు, నువ్వూ పో అని మా అమ్మ అంది. అన్నాక, నిలబడి అడిగింది.

"ఆడ ఏం పనిరా?"

"ఏం లేదు. ఊరికే నడవడం."

"ఊరికే యాలరా పోయేది?"

ఆ విషయంలో మా అమ్మా నేనూ మొదటిసారి ఒకే అభిప్రాయంతో ఉన్నాం. అయితే ఆమె అభిప్రాయం దగ్గర ఆగే మనిషి కాదు. అడవిలో కాలు పెట్టేముందు అమ్మవారికి చెప్పుకోవాలని ఒక టెంకాయ, కర్పూరం, పసుపు, కుంకుమ, ఐదు నిమ్మకాయలు ఉష సంచీలో పెట్టింది. అన్నం పట్టుకుని కొండదారిన పోయేటప్పుడు పక్కన ఇనుము ఉండాలని, పులిహోర డబ్బా పక్కన మా నాన్న ఉలి ఒకటి దూర్చింది. చూస్తూనే ఉన్నాను. తీసెయ్యమని చెప్పవచ్చు. మా అమ్మ నమ్మకాలతో వాదించడం నా స్థాయికి తక్కువ అని అప్పటికి ఇరవై ఏళ్ళ కిందటే తీర్మానించుకున్నాను.

వ్యానులో ఐదుగురు నర్సులు, కిరణ్ సార్, నేను. పుంగనూరు దాటాక టిఫిన్లు, పలమనేరులో టీలు, కుప్పం దాటేసరికి ఎండ నెత్తికెక్కింది. కోన మొదట్లో పసుపు పూసిన రాయి ఒకటి ఉంది. ఉష సంచీ జిప్పు తీసింది.

"టెంకాయ కొట్టి పోదాం సార్. రెండు నిమిషాలు."

"హైకింగ్‌కు వచ్చి టెంకాయ ఏందమ్మా?" అన్నాడు కిరణ్ సార్. "టైము లేదు. నడవండి."

ఆమె జిప్పు వేసేసింది.

మా వైపు ఇసుకరాయి లేదు. ఉన్నదంతా నల్లరాయి. కోన అంటే రెండు గుట్టల మధ్య చీలిక, అందులో మే నెలకు మిగిలిన చారెడు నీళ్ళు, తుప్పలు, కోతులు. కిరణ్ సార్ తన రెండు కర్రలతో రాళ్ళ మీద టకటక కొడుతూ ముందు నడిచాడు. నర్సులు ఇద్దరిద్దరుగా గట్టిగా జర్మన్ పలుకుతూ వెనక. 'మీరేమంటారు' అన్న ముక్క ఆ భాషలో ఎట్లా ఉంటుందో నాకు అప్పటికి చెవికి పట్టింది. అది ఒక రాతి నుంచి ఇంకో రాతికి తగిలి తిరిగి వస్తున్నది. నేనొక బండ నీడన కూర్చుని, అనుకరణ అనే అధ్యాయానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని అనుకున్నాను.

ఉష నా ముందునుంచి పోయింది. నన్ను చూడలేదు. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పటి ఆమె నడక నాకు తెలుసు, బజారు నుంచి సంచులతో వచ్చే నడకా తెలుసు. ఇది ఆ రెండూ కాదు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, తలెత్తి, చేతులు వదిలేసి నడుస్తున్నది. దీనికి ఏం పేరు పెట్టాలా అని ఆలోచిస్తుండగా పైనుంచి కేకలు వినిపించాయి.

పదిహేను మంది దాకా దిగివచ్చారు. చేతుల్లో కర్రలు, ఇద్దరి చేతుల్లో ఫోన్లు. ముందు నడుస్తున్న పెద్దాయన పేరు పాపయ్య అని తర్వాత తెలిసింది. కోన పైన ఉన్న పల్లెవాళ్ళు.

"యావూరు మీది?"

"మదనపల్లె," అన్నాడు కిరణ్ సార్. "మేం హైకింగ్..."

"పొద్దున్నుంచీ ఇంటా ఉండాం. ఏం మంత్రమప్పా అది?"

"మంత్రం కాదు. జర్మన్."

"ఏ దేశం మంత్రమైతే ఏమిలే. ఆ కడ్డీలేంది? బంగారం ఉండే తావున వంగుతాయా?"

కిరణ్ సార్ కర్రలు వెనక దాచుకున్నాడు. దాచుకోవడం వల్ల అవి నిజంగానే బంగారం కనిపెట్టే కడ్డీలైపోయాయి. ఫోను పట్టుకున్నవాడు దగ్గరికి వచ్చి వీడియో తీయసాగాడు. పాలేగార్లు దాచిన ముల్లె ఉందని పోయినేడు ఎవరో వచ్చి అమ్మవారి రాతిని పగలగొట్టిపోయారట. ఈసారి దొరికినవాళ్ళను స్టేషన్లో అప్పజెప్పాలని ఊరంతా ఒక మాట అనుకుని ఉన్నారట.

ఎవరో సంచులు కుమ్మరించారు. నాలుగు సంచుల్లో నీళ్ళ సీసాలు, పుస్తకాలు. ఐదో సంచీలోంచి టెంకాయ దొర్లింది. నిమ్మకాయలు ఒక్కొక్కటే రాతి మీద జారిపోయాయి. పసుపు, కుంకుమ, కర్పూరం. చివర్న ఉలి రాతి మీద పడి టంగుమంది.

నాక్కూడా, ఆ సామానంతా అట్లా ఒకచోట చూస్తే, మేం నిధుల కోసమే వచ్చామేమో అనిపించింది.

"ఈ సంచీ ఎవురిది?" అన్నాడు పాపయ్య. గుంపులో నెరిసిన తల నాదే కాబట్టి నన్ను చూసి అడిగాడు.

"నాది కాదు," అన్నాను.

అది అబద్ధం కాదు. సంచీ నాది కాదు. భయం వేసిందని కూడా చెప్పలేను. కొడతారేమోనని కాదు. ఆ నిమ్మకాయల పక్కన, ఆ జనం ముందు, ఆ వీడియోలో నిలబడడం నాకు అసహ్యంగా తోచింది. అడుగు వెనక్కి వేశాను. ఆ అడుగు ఎంత చిన్నదో నాకు గుర్తుంది.

"నాదప్పా," అంది ఉష. ముందుకు వచ్చింది. "మా అత్త సర్దింది. అడివిలోకి పోతాండారు, అమ్మోరికి టెంకాయ కొట్టుకుని పోండి అన్నింది."

"మరి యాల కొట్టలేదు?"

"తప్పు మాదే. టైము లేదన్నాడు మా సారు. మేం నోరు మూసుకుని వచ్చినాం."

"ఉలి యాల? రాయి తొలిసేదానికేనా?"

"పులిహోర ఉండాది గదప్పా. అన్నానికి కాపు."

గుంపులోంచి ఒక ముసలామె ముందుకు వచ్చి డబ్బా మూత తీసి వాసన చూసింది. "అదైతే నిజమే. ఇనుము లేకుండా అన్నం తెస్తారా ఈ దావన?" అంది. "నీ ఊరు యాడమ్మా?"

"పుట్టింది తంబళ్లపల్లె తట్టు."

"చిన్నక్కా, నువ్వుండు," అన్నాడు పాపయ్య ఆమెతో. మళ్ళీ ఉష వైపు తిరిగాడు. "గుడికి రాలేదు, మేకలు లేవు, కట్టెలు లేవు. మరి ఈ కోనలో యాల తిరగతాండారు? అది చెప్పు."

నేను అనుకున్నాను, దీనికి జవాబు లేదు. నేనే రెండు నెలలుగా ఈ ప్రశ్న వేస్తున్నాను.

"పరీక్షప్పా," అంది ఉష. "ఇద్దరు కూసోని, నడకకు ఎట్ల పోయేదని మాట్లాడుకోవాల. మాకు మాట్లాడేది రాలేదు. ఎప్పుడూ పోలేదు గదా. అందుకని నేర్సుకునేదానికి వచ్చినాం. మమ్మల్ని స్టేషన్‌కు పంపిస్తే మా పరీక్ష, ఉద్యోగం అన్నీ ఈడికే అయిపోతాయి. నువ్వు ఆలోచించి చెప్పప్పా. నువ్వేమంటావు?"

పాపయ్య కర్ర నేలకు ఆనించి ఆమెను చూశాడు. అట్లా అడుగుతారని అనుకోని మనిషి మొహం అది.

"నడిసేదానికి పరీక్షా?" అన్నాడు చివరికి. "పాసైతే ఏమిస్తారు?"

"నర్సుద్యోగం."

"మా అక్క అరవై ఏండ్లుగా నడస్తాండాది. ఈపాటికి కలెక్టరు అయ్యుండాల," అన్నాడు చిన్నక్కను చూపించి. ఎవరో నవ్వారు. ఫోను పట్టుకున్నవాడు కూడా నవ్వి, ఫోను దించాడు.

"నవ్వింది సాలు. ముందు పోయి అమ్మోరికి టెంకాయ కొట్టిరండి," అంది చిన్నక్క. "తర్వాత ఊర్లోకి వచ్చి నీళ్ళు తాగి పోండి. ఈ ఎండలో ఊరికే నడిసేదంట. సదువుకున్నోళ్ళకి ఇదేం కర్మమ్మా."

ఉష వంగి నిమ్మకాయలు ఏరుకుంది. నేను సాయం చెయ్యబోయాను. అప్పటికి ఐదూ ఆమె చేతిలోనే ఉన్నాయి. పాపయ్య నన్ను కిందినుంచి పైకి చూశాడు.

"ఈయప్ప నీకేమైతాడమ్మా?"

ఆమె సంచీ జిప్పు వేస్తున్నది. తల ఎత్తకుండానే, "తోడొచ్చినాడు," అంది.

అదీ అబద్ధం కాదు.

వ్యానులో ఆమె ముందు సీట్లో హరిత పక్కన కూర్చుంది. కిరణ్ సార్ పలమనేరు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత, జర్మనీలో అయితే ఇట్లా జరగదని మాత్రం అన్నాడు. మర్నాటి నుంచి ఉష నన్ను ఎదురుగా కూర్చోమనలేదు. డ్యూటీ కాగానే ఫోనులో హరితతో చదువుకునేది. అవతల గదిలోంచి ఆ ప్రశ్న వినిపించేది, అవతలివైపునుంచి జవాబు వచ్చేది. నాకు హాయిగా ఉండాల్సింది. చదువుతున్న పుస్తకంలో ఒకే పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయేవాణ్ణి.

జూన్‌లో పరీక్ష చెన్నైలో. హరితా ఉషా కుప్పంలో రైలెక్కి పోయారు. టిక్కెట్లు ఉష తీసింది. ఇద్దరూ పాసయ్యారు.

ఆ నెలాఖరున పోలీసు సర్టిఫికెట్ కోసం శేఖర్ అనే కానిస్టేబుల్ ఇంటికి వచ్చాడు. కాగితాలు చూశాడు, సంతకాలు పెట్టించుకున్నాడు. లేవబోతూ, జేబులోంచి ఫోను తీశాడు.

"ఏమీ అనుకోకండి సార్. ఇది వాట్సాప్‌లో తిరగతాండాది. 'నిధుల ముఠా' అని పెట్టినారు. ఈమె మేడమే గదా?"

చిన్న తెర మీద నిమ్మకాయలు జారిపోతున్నాయి. నా గొంతు కూడా వినిపించింది. నాది కాదు, అని. సన్నగా, శుభ్రంగా ఉంది.

"పిటిషన్ ఏం లేదు. కానీ నేను అడగాల గదా," అన్నాడు శేఖర్. "ఆ సంచీ ఎవురిది సార్?"

"మాది," అన్నాను. "ఉలి మా నాన్నది. ఆమె నా భార్య. నేను పక్కనే ఉన్నాను."

"నిమ్మకాయలు పెట్టింది నేను నాయనా," అంది మా అమ్మ తలుపు దగ్గర్నుంచి. "ఐదు పెట్టినా. రాసుకో."

శేఖర్ నవ్వి, రాసుకోకుండా లేచాడు. ఉష వంటింటి గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడి ఉంది. అంతా విన్నది. అతనికి ఒక గ్లాసు ఇచ్చింది, నాకొకటి ఇచ్చింది.

ఏడు వారాలు ఆలస్యంగా చెప్పిన ఒక నిజానికి మనిషి ఎంత పొంగిపోతాడో అన్నది నేను క్లాసులో చెప్పదగిన విషయం. ఆ వారమంతా ఆమె ఏదో అంటుందని ఎదురుచూశాను. చివరికి నేనే అన్నాను. నేను కూడా వస్తే ఎట్లా ఉంటుంది అని. జీవితంలో మొదటిసారి ఒక ప్రయాణం గురించి ఆమెను అడిగాను. ఆమె బట్టలు మడత పెడుతూ, "సూద్దాం," అంది. ఆ 'సూద్దాం' మీద నేను కొన్ని రోజులు చాలా ఊహలు కట్టుకున్నాను. కాలేజీలో సెలవు దాకా విచారించాను.

జూలైలో ఆమె బయలుదేరింది. మధ్యాహ్నం బెంగళూరు బస్సు. హరిత అప్పటికే ఎక్కి కూర్చుంది. మా అమ్మ స్టాండు దాకా రాలేదు, ఇంట్లోనే నుదుటికి కుంకుమ పెట్టి పంపింది. పెద్ద పెట్టెలు రెండూ బస్సు కింద పెట్టించడానికి ఉష డ్రైవరుతో మాట్లాడుతూ, ఫైలు నా చేతికి ఇచ్చింది.

"అన్నీ ఉండాయో లేదో ఒకసారి సూడండి."

నిలబడి ఒక్కొక్క కాగితమే తిప్పాను. మార్కుల లిస్టు. పోలీసు సర్టిఫికెట్. ఆస్పత్రి ఒప్పందం. దాని వెనక, ఉద్యోగం ఇప్పించిన కంపెనీకి ఇచ్చిన దరఖాస్తు నకలు. జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉంది. భర్త లేదా భార్య వెంట వస్తున్నారా అన్న గడి ఎదురుగా, లేదు అన్న చోట టిక్కు. కొట్టివేతలు లేవు. కింద గుండ్రని అక్షరాలతో ఆమె సంతకం, పక్కన తేదీ. మే పన్నెండు. గద్దలకోన నుంచి వచ్చిన మర్నాడు.

కాగితాన్ని దాని చోట్లోనే పెట్టి, అంచులు సమంగా తట్టాను. డ్రైవరు హారన్ కొట్టాడు. ఉష వచ్చి చెయ్యి చాచింది.

"అన్నీ ఉండాయా?"

"అన్నీ ఉన్నాయి," అన్నాను.